ఇరవై ఒక్క కాగితాలు

ఆ ఓటు కాగితాలు నా మిషన్లకెళ్ళే ఎల్లినయ్.
బషీర్‌బాగ్ గల్లీల, కాలేజి ఎనక గేటు పక్కన
నాలుగడుగుల జిరాక్స్ డబ్బా నాది.
ప్యూను ఎల్లేశం ఒక్క కాగితం తెచ్చిండు:
పైన "ఈ ఏటి మేటి ఫుట్‌బాల్ ఆటగాడు",
కింద నాలుగు పేర్లు, పేరు పక్కన ఖాళీ గడి.
ఇరవై ఒకటి తియ్యమన్నడు. తీసిన.
కాగితానికి రూపాయి. చిల్లర లేదని ఇరవయ్యే ఇచ్చిండు.
ఆ రూపాయి ఇప్పటికీ బాకీ,
అందుకే లెక్క మర్చిపోలే.

శనివారం పొద్దుగూకంగ మైకుల చదివిండ్రు:
ప్రణీల్‌కు పన్నెండు. అవద్‌కు పదకొండు.
మిగిలిన ఇద్దరికి సున్న.
చప్పట్లు. దండ. షామియానా కింద సమోసాలు.

పన్నెండూ పదకొండూ.
లెక్కల సారు దగ్గర తన్నులు తిన్నోన్నే గని
గింత కూడిక నాకొస్తది.
వేళ్ల మీద కూడిన, బిల్లు పుస్తకం ఎనక కూడిన,
నిద్రల కూడిన.
ఆ రెండు కాగితాలు ఏ మిషన్ల పుట్టినయ్?

అవద్ ఆట మీరు చూసిండ్రో లేదో.
బర్కస్ నుంచి రెండు బస్సులు మారి వస్తడు,
సంచిల బూట్లు, బూట్ల మీద జామకాయలు.
ఎడమ దిక్కు, ఎనక నిలబడ్తడు.
గోల్ కొట్టడు. కొట్టనియ్యడు.
సెమీఫైనల్ నాడు వాన. గ్రౌండంత పులుసు.
గోలీ జారి పడ్డడు, బంతి గీత దిక్కు పోతున్నది
దావత్‌కు పోయినంత నింపాదిగ.
యాడికెళ్ళి వచ్చిండో,
బురదల పండుకొని కడుపుతోని ఆపిండు.
నేను షట్టరు సగం దించి పోయి చూసిన,
హాల్‌టికెట్ ప్రతులకొచ్చిన పోరి తిట్టుకుంట పోయిందట.
గోల్ పడితే బోర్డు మీద అంకె మారుతది.
పడకుంట ఆపితే
బోర్డు ఎట్లున్నదో అట్లనే ఉంటది.
ఓటేసే సార్లు బోర్డునే సూస్తరు.

ఆ రాత్రి ఇరానీ హోటల్ల మూడు టేబుళ్లు కలిపినం.
ఆటో వాజిద్ దొంగ ఓట్లన్నడు.
నేను పిటిషన్ రాద్దామన్న, ప్రతులకు పైసలు తీసుకోనన్న.
నలభై ఏండ్ల కింద గోలీగ ఆడిన ప్రభుదాసు
ఉస్మానియా బిస్కటు చాయ్‌ల ముంచి, అది తెగి పడినంక
చెంచాతోని ఏరుకుంట అన్నడు:
"ఆ ప్రణీల్ గూడ పదకొండు గోల్స్ కొట్టిండు గదరా."
ఎవ్వలు మాట్లాడలే.
గదే మండేది.
పిలగాడు మంచోడే. కొట్టిన ప్రతి గోలూ సక్కటిదే.
వాన్ని తిట్టబోతే నోరు రాదు,
ఓట్లను తిడుదామంటే వాటికి మొఖం లేదు.

ఎల్లేశంను గేటుకాడ ఆపిన.
రూపాయి అడుగుతననుకొని జేబులు తడుముకున్నడు.
"ఇరవై ఒకటే గద తీసింది?" అన్న.
"లోపల ఏం కలిపిండ్రో, ఏం తీసిండ్రో,
నాకేమెరుక, నేను తలుపు బయట నిలబడ్డ" అన్నడు.
పెద్దసారు గంట కొట్టిండు. లోపలికి పోయిండు.
రూపాయి గూడ పోయింది.

మంగళవారం అవద్ వచ్చిండు నా డబ్బాకు.
రైల్వేల స్పోర్ట్స్ కోటా ఫారం, ఆధార్ కార్డు,
"టోర్నమెంట్‌ల పాల్గొన్నందుకు" అని ఒక సర్టిఫికెట్.
అన్నీ ఐదైదు ప్రతులు.
మిషను వేడెక్కేదాక నేనే మాట్లాడిన:
ఇరవై ఒకటి, ఇరవై మూడు,
పిటిషన్, ముప్పై నాలుగు సంతకాలు, వాజిద్‌ది ఉర్దూల.
గల్లకాడ ఒక జామకాయ పెట్టి, అంతా ఇన్నడు.
మోకాలి మీద పక్కు ఇంక ఎండలే.
మొదటి ప్రతి తీసుకొని ట్యూబ్‌లైటుకు పట్టి చూసిండు.

"భాయ్, పేరు సరిగ కనబడ్తలేదు.
జర డార్క్ చెయ్యి."

మీట ఆఖరి దాక తిప్పిన.
కాగితమంత బురద రంగు పడ్డది.
"గిట్లుంటే సాలు" అన్నడు.
ఐదు తీసిన.
రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చిన.